గ్రీన్ మ్యాట్ పాఠం వీడియో: ఎఫెక్టుల వరస, విలువలు (ప్రాజెక్టు డైరీ)

పని ఏమిటి

పన్నెండు నిమిషాల సైన్సు పాఠం. గ్రీన్ మ్యాట్ (పచ్చ గుడ్డ) ముందు నిలబడి ఒకరు చెబుతుంటారు, చేతిలో గాజు బీకరు ఉంటుంది, వెనకాల లేత బూడిద రంగు స్లైడ్లు, అక్కడక్కడా ముదురువి రావాలి. మధ్యమధ్యలో పరికరాల క్లోజప్పులు. అవి స్టాండు లేకుండా చేత్తో పట్టుకుని తీసినవి. ఫుటేజీ అంతా ఫోనుదే: 1920×1080, హెచ్.264 కంప్రెషన్, 8 బిట్ (వెలుతురూ రంగూ 0 నుంచి 255 దాకా మెట్లలో), 4:2:0. ఎడిటింగ్ కేడెన్‌లైవ్ అనే వీడియో ఎడిటరులో, టైమ్‌లైన్ 25 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 25 ఫ్రేములు). కోతల పని అయిపోయింది. ఎఫెక్టుల పని మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఈ డైరీ.

ఆ 4:2:0 అన్న అంకె ఈ ప్రాజెక్టు మొత్తానికీ అడ్డం పడేదే. వెలుతురు సమాచారం 1920×1080 పిక్సెళ్లకూ విడివిడిగా ఉంటుంది గానీ, రంగు సమాచారం 960×540కే ఉంటుంది. అంటే నాలుగు పిక్సెళ్లు కలిసి ఒకే రంగు పంచుకుంటాయి. కీయింగ్, అంటే పచ్చని గుర్తించి తీసేయడం, పనిచేసేది రంగు మీద. అందుకే జుట్టు అంచుల్లో మెట్లు మెట్లుగా కనిపిస్తే అది స్లైడరు తప్పు అనుకుని గంటలు గంటలు తిప్పకూడదు. కొంత ఫుటేజీలోనే ఉంది, దాన్ని మెత్తబరచడం తప్ప మాయం చేయడం కుదరదు.

ఎఫెక్టు వేయకముందు

ఫోన్ ఫుటేజీ ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు. వెలుతురు తగ్గితే ఫోను తనంతట తనే ఫ్రేములు తగ్గిస్తుంది. అలాంటి ఫైలు మీద కీఫ్రేములు (ఏ ఫ్రేములో ఏ విలువ ఉండాలో చెప్పే గుర్తులు) పెడితే ఇక్కడ చూసినప్పుడు ఒక ఫ్రేములో, రెండర్‌లో, అంటే చివరి వీడియో ఫైలులో, ఇంకో ఫ్రేములో పడొచ్చు. పెదవులకీ మాటకీ పొంతన కూడా చెడుతుంది. బిన్‌లోకి (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోటు) ఫైలు లాగినప్పుడు వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అని హెచ్చరిక వస్తే అక్కడే ట్రాన్స్‌కోడ్ చేసెయ్యాలి. ఇక్కడ అన్ని ఫైళ్లనీ స్థిరమైన 25 ఎఫ్‌పీఎస్‌కి మార్చి మళ్లీ తెచ్చుకోవడం జరిగింది. ఈ పని ఎఫెక్టులు వేశాక చేస్తే కీఫ్రేములన్నీ మళ్లీ సరిచూసుకోవాలి.

రెండోది ప్రాక్సీ, అంటే ఎడిటింగ్ తేలికవడానికి వాడే చిన్న సైజు కాపీ. కోతలకు ప్రాక్సీ మంచిదే. కీయింగ్‌కి మాత్రం ఆపేయాలి. చిన్న సైజుకు కుదించి, మళ్లీ కంప్రెస్ చేసిన బొమ్మలో పచ్చ అంచులు అసలు ఫైలులో ఉన్నట్టు ఉండవు. ప్రాక్సీ మీద చక్కగా తెగిన కీ, రెండర్‌లో అసలు ఫైలు మీదికి వెళ్లేసరికి చుక్కలు చుక్కలుగా తేలుతుంది. మానిటర్ ప్రివ్యూ రిజల్యూషన్‌కీ ఇదే నియమం: 360 మీద బ్లర్ విలువ నిర్ణయిస్తే 1080లో అది ఇంకోలా ఉంటుంది, ఎందుకంటే కొన్ని ఎఫెక్టులు విలువని పిక్సెళ్లలో లెక్కేస్తాయి. కీయింగ్, బ్లర్, షార్పెన్ ఈ మూడింటినీ పూర్తి రిజల్యూషన్‌లోనే చూడాలి. సిస్టమ్ నెమ్మదిస్తే నెమ్మదించనీ, ఆడించి చూడక్కర్లేదు. ఒక్కో ఫ్రేము ఆపి చూస్తే చాలు.

ఏ ఎఫెక్టు ఎక్కడ ఉండాలి

కేడెన్‌లైవ్‌లో ఎఫెక్టు నాలుగు చోట్ల పెట్టొచ్చు: బిన్‌లోని క్లిప్ మీద, టైమ్‌లైన్‌లోని ముక్క మీద, ట్రాక్ మీద, మాస్టర్ మీద. బొమ్మ కూడా ఇదే వరసలో ప్రయాణిస్తుంది. బిన్ ఎఫెక్టులు ముందు పడతాయి, మాస్టర్ చివర పడుతుంది.

మాట్లాడే మనిషి షాటు ఒకే ఫైలు. దాన్ని కోసి ముక్కలు చేసి టైమ్‌లైన్ నిండా పరిచాం. కీని ఒక్కో ముక్క మీద వేసి కాపీ పేస్టు చేసుకుంటూ పోతే, తర్వాత ఒక విలువ మార్చాల్సి వచ్చినప్పుడు అన్ని ముక్కల్లోనూ మార్చాలి, ఏదో ఒకటి కచ్చితంగా మరిచిపోతాం. అందుకని పంపకం ఇలా:

బిన్ క్లిప్ మీద గార్బేజ్ మాస్కు (గుడ్డ బయటిదంతా తీసేసేది), డీనాయిజ్, కీ, ఆల్ఫా (ఎక్కడ ఎంత పారదర్శకమో చెప్పే పొర) శుభ్రం, స్పిల్ (మనిషి మీద పడ్డ పచ్చ వెలుతురు) తగ్గింపు. టైమ్‌లైన్ ముక్కల మీద ట్రాన్స్‌ఫార్మ్ (సైజు, స్థానం మార్చేది), ఎక్కడైనా వెలుతురు ఊగితే దాని సవరణ. రెండో వీడియో ట్రాక్ మీద కలర్. మాస్టర్ మీద ఏమీ లేదు. కలర్‌ని మాస్టర్‌కి ఎక్కిస్తే స్లైడ్లలోని తెల్లదనం, అక్షరాల నలుపు కూడా దాంతోపాటే కదులుతాయి. స్లైడ్లు తయారైనప్పుడే సరిగ్గా ఉన్నాయి, వాటిని ముట్టుకోవాల్సిన పని లేదు.

కలర్ కీకి ముందు ఉండాలా, తర్వాతా అన్న వాదన ఎప్పుడూ ఉండేదే. ముందు పెడితే పచ్చని ఇంకాస్త పచ్చగా చేసి సులువుగా తీయొచ్చు అన్నది ఒక పక్షం. నిజమే, కానీ ఆ తర్వాత ముఖం రంగు కోసం కలర్ కాస్త కదిపినా కీ చెదిరిపోతుంది. రెండు పనులూ ఒకే స్లైడరుకి కట్టేసినట్టవుతుంది. కీ ముందు, కలర్ తర్వాత. కీ కోసమే కలర్ మార్చక తప్పని పరిస్థితి అయితే ఆ క్లిప్‌ని రెండు కాపీలు చేసుకోవడం మేలు.

గార్బేజ్ మాస్కు, దాంతో వచ్చే చిక్కు

గుడ్డ ఫ్రేము అంచుల దాకా లేదు. ఎడమ పక్క లైటు స్టాండు, కుడి పక్క గోడ కనిపిస్తున్నాయి. మనిషి చేతులు చాచినా దాటని మేరకు రోటోస్కోపింగ్ ఎఫెక్టుతో ఒక వలయం గీసి, బయటిదంతా తీసేశాం. ఈ వలయానికి కీఫ్రేములు అక్కర్లేదు, ఉదారంగా గీయడమే. ఫెదర్ (అంచుని మెత్తబరచడం) కూడా అక్కర్లేదు, ఎందుకంటే గీత పడేది గుడ్డ మీదే, దాన్ని ఎలాగూ కీ తీసేస్తుంది.

ఆ తర్వాత కీ ఎఫెక్టు వేయగానే మాస్కు మాయమైంది, లైటు స్టాండు మళ్లీ ప్రత్యక్షం. దీనికి కారణం క్రోమా కీ అడ్వాన్స్‌డ్ ఎఫెక్టులో అడుగున ఉండే ఆపరేషన్ అనే పెట్టె. అందులో రైట్ ఆన్ క్లియర్ అని ఉంటే, పైనుంచి వచ్చిన ఆల్ఫాని పక్కన పడేసి, కీ తన సొంత ఆల్ఫాని కొత్తగా రాస్తుంది. దాన్ని మినిమమ్‌కి మార్చాలి. అప్పుడు మాస్కు ఆల్ఫా, కీ ఆల్ఫా రెండింట్లో ఏది తక్కువైతే అది నిలుస్తుంది. మాస్కు తీసేసింది తీసేసినట్టే ఉంటుంది. వరసలో ఆల్ఫాని ముట్టుకునే ఎఫెక్టు ఒకటికి మించి ఉన్నప్పుడల్లా ఈ పెట్టె చూసుకోవాలి. రోటోస్కోపింగ్‌లో కూడా ఇదే పెట్టె ఉంది.

డీనాయిజ్

ఫోను సెన్సరులో నాయిజ్ ఎక్కువగా కనిపించేది నీడ పడ్డ గుడ్డ మీదే. ఫ్రేము ఫ్రేముకీ రంగు చుక్కలు మారుతుంటే కీ అంచు బుడబుడమంటుంది. హెచ్‌క్యూడీఎన్‌3డీ ఫిల్టరు సరిపోయింది. దాని మామూలు విలువలు వెలుతురుకి స్పేషియల్ (ఒకే ఫ్రేములో నున్నన) 4, టెంపరల్ (ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య నున్నన) 6. రంగుకి 3, 4.5. ఇక్కడ వెలుతురు స్పేషియల్‌ని 2కి దించి, రంగు విలువల్ని అలాగే ఉంచాం. కీకి కావాల్సింది రంగు నిలకడ, వెలుతురుని ఎక్కువ నున్నగా చేస్తే ముఖం మైనపు బొమ్మలా తయారవుతుంది. టెంపరల్ విలువ పెంచినకొద్దీ చేతులు వేగంగా కదిలినప్పుడు వెనకాల నీడలా సాగుతుంది. ఆ సాగిన భాగంలో పచ్చ కలుస్తుంది, కీకి అదో తలనొప్పి. పరీక్షించాల్సింది ఆగి ఉన్న ఫ్రేములో కాదు, చెయ్యి ఊపిన ఫ్రేములో.

కీ

ఈ ప్రాజెక్టులో ఎక్కువ సమయం తిన్నది ఇదే.

క్రోమా కీ బేసిక్‌లో రంగు, వేరియన్స్ (ఎంత తేడా ఉన్న రంగు దాకా తీయాలో) అని రెండే ఉంటాయి. గుడ్డ మీద వెలుతురు సమానంగా పడితే అది చాలు. ఇక్కడ వేవ్‌ఫామ్‌లో (వెలుతురు స్థాయి చూపే గ్రాఫు) చూస్తే గుడ్డ ఒక చివర 115 దగ్గర, ఇంకో చివర 150 దగ్గర ఉంది. వేరియన్స్ పెంచితే నీడ పోతుంది, దాంతోపాటే ఆలివ్ రంగు కాలరు కూడా చిల్లులు పడుతుంది. ఒకే స్లైడరుతో అన్ని దిక్కులకీ వల విసరడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది.

అడ్వాన్స్‌డ్ ఎఫెక్టులో సెలెక్షన్ సబ్‌స్పేస్‌ని (రంగుని కొలిచే పద్ధతి) ఆర్‌జీబీ నుంచి హెచ్‌సీఐకి మార్చడమే ఇక్కడ అసలు మలుపు. హెచ్ అంటే హ్యూ, సీ అంటే క్రోమా, ఐ అంటే ఇంటెన్సిటీ. గుడ్డ మీద నీడ పడ్డ చోటా వెలుగు పడ్డ చోటా ఇంటెన్సిటీ మారుతుంది గానీ హ్యూ పెద్దగా మారదు. ఆర్‌జీబీలో అయితే నీడ పడగానే మూడు అంకెలూ కలిసి కిందికి దిగుతాయి, కాబట్టి మూడు డెల్టాలూ (ఎంచుకున్న రంగు నుంచి ఎంత తేడా దాకా తీయాలో చెప్పే విలువలు) పెంచుకుంటూ పోవాల్సి వస్తుంది. హెచ్‌సీఐలో హ్యూ డెల్టాని ఇరుగ్గా, ఇంటెన్సిటీ డెల్టాని వెడల్పుగా పెట్టుకోవచ్చు. వర్ణ చక్రంలో పచ్చ 120 డిగ్రీల దగ్గర, పసుపు 60 దగ్గర, మనుషుల చర్మం రంగు దాదాపు 20 నుంచి 40 మధ్య ఉంటాయి. మధ్యలో చాలా చోటుంది. ఇబ్బంది పెట్టేవి ఆలివ్, చిలకపచ్చ లాంటి రంగుల బట్టలే, వాటికి హ్యూ ఇరుగ్గా ఉంటేనే రక్షణ.

రంగు ఎంచుకోవడంలో ఒక మెళకువ. పిక్కర్‌తో ఒక్క చుక్క మీద నొక్కితే నాయిజ్ ఉన్న పిక్సెల్ దొరకొచ్చు. నొక్కి పట్టుకుని చిన్న చతురస్రం లాగితే ఆ మేర సగటు వస్తుంది. భుజానికి కొంచెం దూరంలో, మరీ వెలుగూ మరీ నీడా కాని చోట లాగాలి. పిక్కర్ తీసుకునేది తెర మీద కనిపించే రంగుని. కీ అప్పటికే పనిచేస్తుంటే, కింద ఎక్కడో కలర్ ఎఫెక్టు ఉంటే, వచ్చేది గుడ్డ అసలు రంగు కాదు. పిక్ చేసే ముందు కీనీ, దాని తర్వాతి ఎఫెక్టులన్నిటినీ ఆపి, పిక్ చేశాక మళ్లీ వేయాలి. ట్రాక్ మీది కలర్‌ని కూడా ఆపాలి, అది కంటికి ఆనక మరుగున ఉంటుంది.

నిలిచిన విలువలు: హ్యూ డెల్టా 80, క్రోమా డెల్టా 260, ఇంటెన్సిటీ డెల్టా 320, ఆకారం ఎలిప్సాయిడ్, ఎడ్జ్ మోడ్ స్లోప్, ఆపరేషన్ మినిమమ్. ఎలిప్సాయిడ్ (గుడ్డు లాంటి ఆకారం) ఎందుకంటే, బాక్స్ ఆకారంలో మూలలు కూడా లెక్కలోకి వస్తాయి: హ్యూ చివరి అంచు, క్రోమా చివరి అంచు, ఇంటెన్సిటీ చివరి అంచు మూడూ ఒకేసారి తగిలే రంగులు. అవి గుడ్డ మీద ఉండవు, బట్టల మీదే ఉంటాయి. కాలరు చిల్లులు సగం దీనితోనే పూడిపోయాయి. మనిషి మాయమై గుడ్డ మాత్రం మిగిలితే కంగారు పడక్కర్లేదు, ఇన్వర్ట్ సెలెక్షన్ టిక్కుని తిప్పితే చాలు.

స్లైడర్లు తిప్పే వరసకీ ఒక క్రమం ఉంది. ముందు ఎడ్జ్ మోడ్‌ని హార్డ్‌లో పెట్టి మూడు డెల్టాలు తేల్చుకోవాలి. హార్డ్‌లో మధ్యస్థం ఉండదు, ఉందో లేదో తేలిపోతుంది. చిల్లులు లేవు, గుడ్డ మరకలు లేవు అనుకున్నాక స్లోప్‌కి మార్చి అంచు మెత్తన చూసుకోవాలి. మెత్తని అంచులోనే డెల్టాలు వెతికితే, గుడ్డ మీద సగం పారదర్శకంగా మిగిలిన పొర కంటికి కనిపించదు; లేత స్లైడు మీద అసలే కనిపించదు. రెండర్ అయ్యాక ముదురు స్లైడు వచ్చిన చోట మనిషి చుట్టూ పొగలా తేలుతుంది.

బీకరు

గాజు వెనకాల గుడ్డ కనిపిస్తుంది, కాబట్టి కీ దృష్టిలో బీకరు కూడా గుడ్డే. మెరిసే గీతలు రెండు మూడు తప్ప మిగతాదంతా ఎగిరిపోయింది. డెల్టాలు తగ్గిస్తే బీకరు బతుకుతుంది, గుడ్డ మరకలూ బతుకుతాయి.

దీన్ని ఒకే కీతో సాధించాలని చూడటం దండగ. అదే ఫైలుని రెండోసారి బిన్‌లోకి తెచ్చి, ఆ కాపీని పై ట్రాక్‌లో సరిగ్గా అదే ఫ్రేముకి అమర్చాలి. రెండోసారి తేవడం ఎందుకంటే, బిన్ ఎఫెక్టులు ఆ క్లిప్‌కి చెందిన అన్ని ముక్కలకీ వర్తిస్తాయి. పాతదాన్నే పైకి లాగితే కీ కూడా వెంట వస్తుంది. ఈ కాపీ మీద కీ లేదు. రోటోస్కోపింగ్‌తో బీకరు చుట్టూ గీత, ఫెదర్ 12, దాని కింద రంగు తీసేసే ఎఫెక్టు. పచ్చ గాజు బూడిద రంగు గాజు అవుతుంది. స్లైడు నేపథ్యం కూడా లేత బూడిదే కాబట్టి అతుకు తెలియదు. స్లైడు నీలమో ఎరుపో అయితే ఈ ఉపాయం పారదు, గాజులోంచి వెనక రంగు కనిపించదు కాబట్టి మోసం ఇట్టే బయటపడుతుంది. స్లైడ్ల రంగు ముందే ఖరారు చేసుకోవడం ఇలాంటి చోట కలిసొచ్చింది.

బీకరు కదిలే చోట మాస్కుకి కీఫ్రేములు కావాలి. మొదటి ఫ్రేములో, చివరి ఫ్రేములో, దిశ మారిన ప్రతిచోటా ఒకటి పెట్టి, మధ్యలో ఎక్కడ జారిందో చూసి అక్కడొకటి పెట్టాలి. ప్రతి ఐదు ఫ్రేములకీ ఒకటి పెట్టుకుంటూ పోతే గీత వణుకుతుంది. గీత మీద బిందువులు కూడా తక్కువ ఉంటేనే మేలు, ఆరేడు చాలు. వేళ్లు మాస్కులోపల పడితే అవీ బూడిద రంగవుతాయి. గీతని వేలి అంచుకి లోపలిగా, గాజు వైపు ఆపాలి.

ఆల్ఫా శుభ్రం, పచ్చ స్పిల్

కీ సరిగ్గా ఉందో లేదో రంగు బొమ్మలో తెలియదు. ఆల్ఫా ఆపరేషన్స్ ఎఫెక్టు వేసి డిస్‌ప్లేని ఆల్ఫా యాజ్ గ్రే మీద పెడితే నలుపు తెలుపు బొమ్మ వస్తుంది. మనిషి నిండా తెల్లగా, గుడ్డ నిండా నల్లగా ఉండాలి, బూడిద రంగు అంచులో మాత్రమే ఉండాలి. మనిషి లోపల బూడిద మచ్చ ఉంటే అక్కడ స్లైడు తొంగిచూస్తుంది. మళ్లీ ఇమేజ్‌కి మార్చడం మరిస్తే రెండర్ మొత్తం నలుపు తెలుపులోనే వస్తుంది, ఈ ఎఫెక్టుతో ఎక్కువగా జరిగేది అదే.

ఆపరేషన్ ష్రింక్ సాఫ్ట్, అతి తక్కువ మోతాదు. అంచుని ఒక పిక్సెల్ మేర లోపలికి తీసుకుంటే 4:2:0 మెట్లలో సగం పోతాయి. రెండు పిక్సెళ్లు దాటితే జుట్టు పోచలు పోయి తల కత్తిరించి అతికించినట్టుంటుంది.

స్పిల్‌కి కీ స్పిల్ మాప్ అప్. గుడ్డ మీంచి ఎగిరిన పచ్చ వెలుతురు చెంపల పక్కన, తెల్ల చొక్కా భుజాల మీద పడుతుంది. కీ కలర్‌లో గుడ్డ రంగే ఇవ్వాలి. టార్గెట్ కలర్‌లో చర్మానికి దగ్గరి మధ్యస్థ రంగు. మాస్క్ టైప్ కలర్ డిస్టెన్స్. ఆపరేషన్ 1లో డీ-కీ, ఆపరేషన్ 2లో డీశాచురేట్ కొద్దిగా. షో మాస్క్ టిక్ పెడితే ఎఫెక్టు ఎక్కడెక్కడ పనిచేస్తోందో తెలుస్తుంది. ముందు అది పెట్టి, టాలరెన్స్‌ని భుజాలూ చెంపల అంచుల దగ్గర ఆగేలా తెచ్చుకుని, ఆ తర్వాతే అమౌంట్ జోలికి వెళ్లాలి. అమౌంట్ ఎక్కువైతే పచ్చ పోయి దాని ఎదురు రంగు తేలుతుంది: భుజాల మీద లేత గులాబీ గీత. కంటికి అది పచ్చకన్నా ఎబ్బెట్టుగా ఉంటుంది.

కలర్

ట్రాక్ మీద లిఫ్ట్, గామా, గెయిన్ (వరసగా నీడలు, మధ్యస్థాలు, వెలుగులు సవరించేవి) ఎఫెక్టు ఒక్కటే. పక్కన రెండు స్కోపులు తెరిచి ఉంచాలి. వేవ్‌ఫామ్‌లో ముఖం వెలుగు భాగం 160 అటూ ఇటూ. వెక్టర్‌స్కోప్‌లో (రంగులు ఏ దిశలో ఉన్నాయో చూపే గ్రాఫు) ఐ/క్యూ గీతలు వేసుకుంటే, ముఖం రంగు గుంపు ఐ గీత పక్కన పడాలి. ఒంటి ఛాయ తెలుపైనా నలుపైనా ఆ దిశ దాదాపు ఒకటే, మారేది వెలుతురు. స్పిల్ తీయకముందు ఆ గుంపు పచ్చ వైపు వంగి ఉంటుంది; తీశాక చూస్తే తేడా తెలుస్తుంది. అందుకే కలర్‌ని స్పిల్ తర్వాత వేయాలి.

మనిషి నలుపు స్థాయికీ స్లైడు నలుపు స్థాయికీ పొంతన లేకపోతే ఎంత బాగా కీ తీసినా అతికించినట్టే ఉంటుంది. జుట్టులోని నలుపు 16 దగ్గర, స్లైడులోని ముదురు అక్షరాలు 35 దగ్గర ఉన్నాయి. లిఫ్ట్ కొద్దిగా ఎత్తి జుట్టుని 25కి తెస్తే కుదిరింది.

బీకరు పైకి ఎత్తినప్పుడు ఫోను ఆటో ఎక్స్‌పోజర్ ముఖాన్ని నలుపు చేసిన చోట బ్రైట్‌నెస్ కీఫ్రేమబుల్ ఎఫెక్టు ఆ ముక్క మీదే వేసి, మార్పు జరిగే 20 ఫ్రేముల మేర రెండు కీఫ్రేములతో సరిచేశాం. ఇది కీ తర్వాత ఉంది కాబట్టి కీ కదల్లేదు.

ట్రాన్స్‌ఫార్మ్: జూమ్‌లో నల్ల అంచు

క్లోజప్పుల్లో నెమ్మదైన జూమ్ అడిగారు. సైజు కీఫ్రేములు: 0వ ఫ్రేములో 100, 50లో 100, 75లో 130, 120లో 130. రకం స్మూత్. ఆడిస్తే జూమ్ మొదలవకముందే, బొమ్మ కదలకూడని చోట, నాలుగు పక్కలా సన్నని నల్ల అంచు వచ్చి పోయింది.

లెక్క చూస్తే విషయం తేలుతుంది. స్మూత్ రకం వెనక ఉన్నది కాట్‌మల్-రోమ్ వక్రరేఖ. అది ప్రతి కీఫ్రేము దగ్గరా వాలుని పక్క కీఫ్రేముల్ని బట్టి నిర్ణయిస్తుంది. 50వ ఫ్రేము దగ్గర వాలు, ముందున్న 100, తర్వాతున్న 130ల తేడాలో సగం, అంటే 15. రేఖ ఆ వాలుతో 50వ ఫ్రేము చేరాలంటే ముందు కిందికి దిగి పైకి రావాలి. 33వ ఫ్రేము దగ్గర విలువ సుమారు 97.8కి పడిపోతుంది. 1920 వెడల్పులో 2.2 శాతం అంటే 42 పిక్సెళ్లు, ఒక్కో పక్కకి 21. ఆ నల్ల అంచు అదే. అటు చివర కూడా ఇదే జరుగుతుంది: 75 తర్వాత సైజు 132 దాటి వెనక్కొస్తుంది, అంచులు కనిపించవు గానీ బొమ్మ ఊగినట్టుంటుంది.

కీఫ్రేము రకం దాని తర్వాతి భాగానికి వర్తిస్తుంది. 0వ ఫ్రేము, 75వ ఫ్రేము కీఫ్రేముల్ని లీనియర్ చేస్తే ఆగి ఉండాల్సిన భాగాలు ఆగిపోతాయి. 50వ ఫ్రేము దగ్గర కదలిక కొంచెం తటాలున మొదలవుతుంది. కొత్త వెర్షన్లలో క్యూబిక్ లాంటి ఈజింగ్ రకాలు ఉన్నాయి, అవి ఉంటే 50కి వాటినే వాడాలి.

ట్రాన్స్‌ఫార్మ్ కీ కన్నా ముందు ఉండకూడదు. సైజు పెంచేటప్పుడు పక్క పిక్సెళ్లు కలుస్తాయి, అంచులో పచ్చ ముఖంలోకి పాకుతుంది, ఆ తర్వాత దాన్ని ఏ కీ విడదీయలేదు. కీ బిన్‌లో, ట్రాన్స్‌ఫార్మ్ టైమ్‌లైన్‌లో ఉంటే ఈ గొడవే రాదు.

క్లోజప్పుల వణుకు

స్టెబిలైజ్ పని బిన్ క్లిప్ మీద జరుగుతుంది, విడ్‌స్టాబ్ పద్ధతి. షేకినెస్ 5, ఆక్యురసీ 15, స్మూతింగ్ 15. స్మూతింగ్ 15 అంటే ముందు 15, వెనక 15, నడి ఫ్రేము కలిపి 31 ఫ్రేముల సగటు, 25 ఎఫ్‌పీఎస్‌లో ఒక సెకను పైచిలుకు. ఇంకా పెంచితే కావాలని తిప్పిన కెమెరా కదలికని కూడా వణుకే అనుకుని లాగేస్తుంది, అంచులు ఎక్కువ కత్తిరించుకుంటుంది.

రెండు క్లోజప్పుల్లో కదలిక పోయింది గానీ బొమ్మ అప్పుడప్పుడూ మసకబారి తేటపడుతోంది. వణికిన క్షణంలో షట్టరు తెరిచి ఉన్నంతసేపూ పడిన మోషన్ బ్లర్ అది. కదలిక తీసేయగానే మసక ఒక్కటే మిగిలింది. దీనికి సెట్టింగు లేదు. ఆ రెండింటిలోనూ సగం వణుకు వదిలేస్తేనే సహజంగా ఉంది, స్మూతింగ్ 5కి దించాం.

ధ్వని

వరస: హై పాస్ 80 హెర్ట్జ్ (దానికన్నా లోతైన శబ్దాలు తీసేది), నాయిజ్ తగ్గింపు, కంప్రెసర్ (బిగ్గర, మెల్లని మాటల తేడా తగ్గించేది), లిమిటర్ (శిఖరాన్ని ఆపేది). కంప్రెసర్ థ్రెషోల్డ్ మైనస్ 20 డీబీ, రేషియో 3:1, అటాక్ 10 మిల్లీసెకన్లు, రిలీజ్ 150. నాయిజ్ తగ్గింపుని కంప్రెసర్ తర్వాత పెడితే ఫ్యాను హోరు మాటల మధ్య లేచి పడుతూ ఉంటుంది, అలాంటి హోరుని పట్టుకోవడం కష్టం. చివర లౌడ్‌నెస్ మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తెలిసే బిగ్గరతనం కొలత), శిఖరం మైనస్ 1 డీబీ దాటకుండా. టీవీ ప్రసారానికైతే యూరప్ ప్రసార సంస్థల ప్రమాణం ఈబీయూ ఆర్128 ప్రకారం మైనస్ 23 కావాలి, ఇది ఆన్‌లైన్‌కి.

పరీక్ష రెండర్

మొత్తం కొట్టకుండా మూడు చోట్ల నుంచి ఇరవయ్యేసి సెకన్లు: ముదురు స్లైడు మీద మనిషి, బీకరు ఎత్తిన చోటు, జూమ్. హెచ్.264, సీఆర్‌ఎఫ్ 18 (నాణ్యత అంకె, తగ్గినకొద్దీ నాణ్యత ఎక్కువ). ప్యారలల్ ప్రాసెసింగ్ టిక్కు తీసేశాం, కొన్ని ఎఫెక్టులు దాంతో కలిసి పనిచేయక ఫ్రేముల్ని పాడుచేస్తాయి. వేగం పోతే పోయింది.

తేలింది ఒక్క కొత్త లోపం. స్లైడు నేపథ్యంలోని వాలు ఛాయ పట్టీలు పట్టీలుగా విడిపోయింది. ఎడమ అంచున 180, కుడి అంచున 200. 8 బిట్‌లో ఈ రెంటి మధ్య 20 మెట్లే ఉన్నాయి, 1920 పిక్సెళ్లని 20తో భాగిస్తే ఒక్కో పట్టీ 96 పిక్సెళ్ల వెడల్పు. కన్ను పట్టేస్తుంది. బ్లర్ వేస్తే ఇంకా స్పష్టంగా తేలుతుంది, బ్లర్ ఎంత వేసినా ఫలితం మళ్లీ 8 బిట్‌లోకే వస్తుంది కాబట్టి. మందు స్లైడ్ ట్రాక్ మీద గ్రెయిన్ (సన్నని చుక్కల) ఎఫెక్టు, కంటికి ఆనీ ఆననంత. పట్టీల అంచులు చెదిరిపోయి కలిసిపోతాయి. సీఆర్‌ఎఫ్ విలువ పెంచితే ఎన్‌కోడరు ఆ గ్రెయిన్‌ని తుడిచేసి పట్టీల్ని తిరిగి తెస్తుంది, 18 దగ్గరే ఉండాలి.

మిగిలినవి

బీకరు మాస్కు చివరి ముక్కలో చూపుడు వేలి దగ్గర గీత ఇంకా బిగించాలి. బిన్ క్లిప్ ఎఫెక్టుల వరసని ఒక స్టాక్‌గా సేవ్ చేసి పెట్టుకోవాలి. తర్వాతి పాఠం అదే గుడ్డ మీద తీసినా, రంగుని మాత్రం మళ్లీ పిక్ చేయాలి, లైటు కొంచెం జరిగినా పాత రంగు పనికిరాదు. ముదురు స్లైడు మీద ఎడమ భుజం అంచు ఇంకొకసారి ఆల్ఫా యాజ్ గ్రేలో చూడాలి. ఆ మూడూ అయ్యాక పూర్తి రెండర్.